ఠాణా మీద పడిన చేయి, పార్లమెంటులో కూర్చున్న మనిషి: గాం మల్లుదొర

1952లో స్వతంత్ర భారతదేశపు మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నియోజకవర్గం ఇద్దరు సభ్యులను పంపింది. అప్పట్లో కొన్ని నియోజకవర్గాలకు రెండేసి స్థానాలుండేవి. జనరల్ స్థానంలో లంకా సుందరం గారు గెలిచారు. షెడ్యూల్డ్ తెగల స్థానంలో ఇండిపెండెంటుగా నెగ్గినవారు గాం మల్లుదొర. అంతకు ముప్పై ఏళ్ల ముందు పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయిన దళంలో ముఖ్యుడాయన. ఉరిశిక్ష దాకా వెళ్లి బతికి వచ్చిన మనిషి.

అల్లూరి సీతారామరాజు గారి పక్కన నిలబడ్డ వాళ్లలో గాం సోదరులది ముందువరుస. అన్న గంటందొర, తమ్ముడు మల్లుదొర. అయినా వేదికల మీద వాళ్ల పేర్లు తదితరులు అన్న మాటలో కలిసిపోతుంటాయి. మన సంఘం సంచికలోనైనా మల్లుదొర గారి గురించి విడిగా చెప్పుకోవాలని మేము అనుకున్నాం.

గంటందొర బట్టిపనుకుల మునసబు. ఊళ్లో మాటకు విలువున్న కుటుంబం. అలాంటి కుటుంబం అడవిలోకి ఎందుకు వెళ్లిందో అర్థం కావాలంటే గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గురించి తెలియాలి. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టుకోవడం నేరమైంది. కట్టెలు, అడ్డాకులు, చింతపండు, అన్నిటికీ ఎవరో ఒకరి అనుమతి కావాల్సి వచ్చింది. దాని మీద బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు కొండదారిని రోడ్డు చేయించడం మొదలుపెట్టాడు. పనికి రాని వాడికి దెబ్బలు, వచ్చిన వాడికి అరకూలీ. కాగితం మీద రాసిన కూలీ ఒకటి, చేతిలో పడింది ఒకటి. గంటందొర మునసబు పని పోయింది, భూమీ పోయింది. అడిగితే వినే గడప లేదు. ఫిర్యాదు ఇవ్వాలంటే ఆ తహసీల్దారుకే ఇవ్వాలి, లేదా ఆ తహసీల్దారు మాట వినే పోలీసుకే ఇవ్వాలి.

ఈ సంగతి దగ్గర మేము కొంచెం ఆగుతాం. మన్యం తిరుగుబాటు పాఠం చెప్పేటప్పుడు చాలామంది ఉపాధ్యాయులు పోడు, వెట్టి అని రెండు కారణాలు రాయించి ముందుకు వెళ్లిపోతారు. మూడో కారణం పోలీసు. ఆ తిరుగుబాటులో మొదటి దెబ్బ తిన్నది కచేరీ కాదు, షావుకారు ఇల్లు కాదు, పోలీసు స్టేషను. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. మొత్తం 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దళం చేతికి వచ్చాయి. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న మొట్టడం వీరయ్య దొరను విడిపించుకున్నారు. ఏమేం తీసుకెళ్లారో స్టేషను పుస్తకంలో రాసి మరీ వెళ్లారు. అంతకు నలభై ఏళ్ల కిందట, 1879 రంప పితూరీలోనూ ఇంతే, అడ్డతీగల స్టేషను కాలిపోయింది. కొండవాడికి ప్రభుత్వం అంటే ఆ నాలుగు గోడలే. కోర్టు రాజమండ్రిలో ఉండేది, కలెక్టరు వాల్తేరులో ఉండేవాడు, లాఠీ మాత్రం ఊళ్లో ఉండేది.

ఇంకో విషయం కూడా పిల్లలకు చెప్పాలి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. వాళ్ల ముందు నడిచిన దేశీ సిపాయిలను దళం పోనిచ్చింది. యూనిఫారం వేసుకున్న ప్రతివాడినీ శత్రువుగా చూడలేదు.

ఆ తర్వాత కథ మారింది. మలబారు స్పెషల్ పోలీసు వచ్చింది, తర్వాత అస్సాం రైఫిల్స్ వచ్చింది. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం, లింగాపురం దగ్గర దళం బాగా దెబ్బతింది. కొండల్లో వెతికి దొరకని వాళ్ల కోసం ఊళ్ల మీద పడ్డారు. అన్నం పెట్టారన్న అనుమానం చాలు, కొట్టడానికి. సంతకు పోయి ఉప్పు తెచ్చుకోవడమూ కష్టమైంది. ఆ బలగాల ఖర్చు కోసం శిక్షా పన్ను పేరుతో మళ్లీ ఆ ఊళ్ల నుంచే డబ్బు వసూలు చేశారు. తమను కొట్టిన లాఠీకి తామే డబ్బు కట్టుకోవాల్సి రావడం కంటే అన్యాయం ఏముంటుంది!

మల్లుదొర 1923 సెప్టెంబరులో నడింపాలెంలో పట్టుబడ్డారు. కేసు నడిచింది, మరణశిక్ష పడింది. తర్వాత దాన్ని యావజ్జీవ ద్వీపాంతర శిక్షగా మార్చి అండమాన్ పంపారు. పదేళ్లకు పైగా జైలు జీవితం. కొండ చల్లదనంలో, జీలుగు చెట్ల నీడలో పెరిగిన మనిషికి చుట్టూ సముద్రమే గోడ అయింది.

అయినా ఆయనకు కోర్టు దక్కింది. వాదన ఎంత, న్యాయం ఎంత అన్నది పక్కన పెట్టండి, ఒక తీర్పు రాశారు, పైవాళ్లు దాన్ని మార్చారు, ప్రాణం నిలిచింది. సీతారామరాజు గారికి అది కూడా లేదు. 1924 మే 7న మంప దగ్గర పట్టుకుని, కొయ్యూరు తెచ్చి, చెట్టుకు కట్టి కాల్చి చంపారు. కేసు లేదు, జడ్జి లేడు. పారిపోబోతే కాల్చామని సర్కారు చెప్పుకుంది. ఈ జవాబు మన రాష్ట్రంలో ఇప్పటికీ కొత్తగా వినిపించదు. మరుసటి నెలలో గంటందొరనూ కాల్పుల్లో చంపారు. ఒకే పోరాటంలో ఉన్న ముగ్గురిలో కోర్టు గడప ఎక్కినవాడే బతికాడు. మన పిల్లలు తేదీల కంటే ముందు ఈ తేడా నేర్చుకోవాలని మాకనిపిస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చింది. మల్లుదొర ఢిల్లీ వెళ్లి లోక్‌సభలో కూర్చున్నారు. మన్యం మనిషికి అది మామూలు సంగతి కాదు. కానీ ఆయన అక్కడ కూర్చున్న నాటికి చింతపల్లి స్టేషనులో అమల్లో ఉన్న చట్టం ఏది? 1859 నాటి మద్రాసు జిల్లా పోలీసు చట్టం. సిపాయిల తిరుగుబాటు మొదలైన రెండేళ్లకు, జనాన్ని అదుపులో పెట్టడానికి తెల్లవాళ్లు రాసుకున్నది. పోలీసు రాష్ట్రాల జాబితాలోని అంశం కాబట్టి పార్లమెంటు సభ్యుడు దాన్ని మార్చలేడు. పేరు మార్చుకుని ఆ చట్టం కోస్తా జిల్లాల్లో ఇప్పటికీ ఉంది. మల్లుదొరను పట్టిన చట్టం మల్లుదొర తర్వాత కూడా బతికింది.

2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది. దర్యాప్తు చేసే పోలీసును శాంతిభద్రతల పోలీసు నుంచి వేరు చేయాలి, అధికారులను ఇష్టం వచ్చినప్పుడు బదిలీ చేయకూడదు, పోలీసు మీద ఫిర్యాదు వినడానికి రాష్ట్రంలో ఒకటి, ప్రతి జిల్లాలో ఒకటి విడిగా అథారిటీ ఉండాలి. 2014లో ఎన్‌కౌంటర్ చావుల మీద స్వతంత్ర దర్యాప్తు జరగాలని చెప్పింది. 2020లో ప్రతి స్టేషనులో సీసీ కెమెరాలు పెట్టమంది. ఇవన్నీ మంచివే. కానీ కొండ మీది ఆడబిడ్డకు ఆ ఫిర్యాదు గడప ఎక్కడుందో ఎవరు చెప్పారు?

వాకపల్లి పేరు మన వాళ్లకు గుర్తు చేయనక్కర్లేదు. 2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలంలోని ఆ ఊరికి గ్రేహౌండ్స్ బలగం వచ్చినప్పుడు తమ మీద అత్యాచారం జరిగిందని పదకొండు మంది కోదు స్త్రీలు చెప్పారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి వచ్చింది. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలింది. దర్యాప్తు అధికారులు తమ పని సరిగా చేయలేదని అదే తీర్పులో చెప్పి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. పదహారేళ్లు. అన్నేళ్ల తర్వాత ఫలానావాడు చేశాడని గానీ, చేయలేదని గానీ తేల్చే దర్యాప్తు మిగల్లేదు. పోలీసు మీద కేసును పోలీసే దర్యాప్తు చేస్తే ఏమవుతుందో బాస్టియన్ కాలం వాళ్లకు తెలుసు, వాకపల్లి వాళ్లకూ తెలుసు. అందుకే లాఠీ పట్టిన వాళ్లకు మంచి బుద్ధి నేర్పితే చాలదని మేము అంటాం. దర్యాప్తు వేరే చేతిలో ఉండాలి. స్టేషనులో కువి మాట అర్థమయ్యే ఒక్క ఆడమనిషైనా ఉండాలి. తన బాషలో చెప్పింది తెలుగులో ఎలా రాశారో చెప్పినామెకు చదివి వినిపించాలి.

మేము మునగపాకలో ఉంటాం. చెరకు, బెల్లం ఊళ్ల మధ్య, శారదా నది పక్కన. ఇక్కడి నుంచి మన్యం దూరంగా కనిపిస్తుంది కానీ, సెలవులకు ఊరెళ్లే పిల్లలకు దూరం తెలుస్తుంది. దారిలో ఒక తనిఖీ చోట బస్సు ఆపితే, కొండ పిల్లల సంచులే ముందు విప్పిస్తారు. గంజాయి రవాణా లేదని మేము అనం. అదే బస్సులో పట్నం వాళ్ల సూట్‌కేసులు ఎందుకు తెరవరని మా పదో తరగతి అమ్మాయి మమ్మల్ని అడిగింది. ఆ పిల్ల బట్టలు, పుస్తకాలు రోడ్డు మీద తీసి పెట్టి, మళ్లీ సర్దుకుని, బస్సు ఎక్కింది. తర్వాత కుల ధ్రువపత్రం పోయి స్టేషనుకు వెళ్లాల్సి వచ్చినప్పుడు ఒంటరిగా పోనంది. మేము వెంట వెళ్లాం. అక్కడి హెడ్ కానిస్టేబుల్ కుర్చీ వేసి, పని చేసి పంపాడు. అలాంటి వాళ్లూ ఉన్నారు. కానీ మంచి మనిషి దొరకడం పిల్ల అదృష్టం మీద ఆధారపడకూడదు కదా.

మా హాస్టల్లో చదివి వెళ్లిన ఆడపిల్లల్లో కొందరు ఇప్పుడు కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతున్నారు. తెల్లవారుజామున పరుగు, సాయంత్రం లెక్కలు. ఎందుకమ్మా పోలీసు అని అడిగితే, ఉద్యోగం కోసమనే చెబుతారు. సంకోచం లేదు వాళ్లకు. మేము వాళ్లకు మల్లుదొర కథ చెప్పాం. చింతపల్లి స్టేషను, నడింపాలెం, అండమాన్, ఢిల్లీ. అన్నీ విన్నాక ఒకమ్మాయి ఒకటే అడిగింది. ఆయన ఎంపీ అయ్యాక చింతపల్లి స్టేషనుకు మళ్లీ ఎప్పుడైనా వెళ్లారా, వెళ్తే లోపల కుర్చీ వేశారా అని.