కీర్తి శ్రీ రాజసింహుడు

హిందూపురం నుండి ధర్మవరం వెళ్ళే రైలు మార్గంలో పెనుకొండ ఉంది. 1565లో తళ్ళికోట యుద్ధం ముగిసిన పిమ్మట విజయనగర రాజధాని ఈ గిరిదుర్గానికే తరలివచ్చింది. ఆ సామ్రాజ్యానికి సామంతులై దక్షిణాన మధురను ఏలినవారు తెలుగు నాయక రాజులు. సామ్రాజ్యం అంతరించినా నాయక కుటుంబాల ప్రతిష్ఠ తగ్గలేదు. మధుర నాయకులతో బంధుత్వం గల అట్టి కుటుంబంలో పుట్టి, సముద్రం దాటి సింహళ ద్వీపంలో రాజ్యమేలినవాడు కీర్తి శ్రీ రాజసింహుడు.

సింహళంలోని కాండీ రాజులు మధుర నుండి నాయక కన్యలను వివాహమాడేవారు. 1739లో వీర నరేంద్ర సింహుడు మరణించగా, పట్టపురాణికి సంతానం లేనందున ఆమె సోదరుడు శ్రీ విజయ రాజసింహుడు రాజయ్యాడు. ఆయనకూ సంతానం లేదు. అందుచేత 1747లో ఆయన బావమరిది కీర్తి శ్రీకి రాజ్యం సంక్రమించింది.

యువకుడైన రాజు ముందు కఠినమైన సమస్య నిలిచింది. ప్రజలు సింహళ బౌద్ధులు; రాజవంశం పొరుగు దేశం నుండి వచ్చిన శైవ కుటుంబం. పైగా ద్వీపంలో విధిపూర్వకంగా ఉపసంపద పొందిన భిక్షువులే లేకుండా పోయారు. కీర్తి శ్రీ సయాం దేశానికి రాయబారులను పంపాడు. 1753లో ఉపాలి మహాథేరుని నాయకత్వంలో సయాం భిక్షువులు కాండీకి వచ్చి ఉపసంపదను పునరుద్ధరించారు. రాజు వెలివిట శరణంకరునికి సంఘరాజ పదవినిచ్చి గౌరవించాడు. దంబుల్లా గుహాలయాలను చిత్రాలతో అలంకరింపజేశాడు. అంతకు ముందు దేవతలకు జరిగే పెరహెర ఊరేగింపులో బుద్ధుని దంతధాతువుకు అగ్రస్థానం కల్పించాడు.

ఇంత చేసినా కొందరికి ఆయన పరాయివాడుగానే కనిపించాడు. 1760లో కొందరు ప్రభువులు, భిక్షువులు కలిసి ఆయనను తొలగించి సయాం రాకుమారుని రాజును చేయదలచారు. కుట్ర బయటపడింది. రాజు ముఖ్యులైన ప్రభువులకు మరణదండన విధించాడు. కుట్రలో పాలుపంచుకున్నాడని శిక్షింపబడిన శరణంకరుని మాత్రం తరువాత క్షమించాడు. బౌద్ధధర్మ సేవను మానలేదు.

1765లో డచ్చివారు కాండీని ఆక్రమించినప్పుడు దంతధాతువును ముందుగానే సురక్షిత స్థలానికి తరలించారు. శత్రువులు నగరంలో ఎక్కువకాలం నిలువలేకపోయారు. అయితే 1766 నాటి సంధి వలన కాండీ రాజ్యం తన తీరప్రాంతాన్ని కోల్పోయింది. రాజ్యానికి సముద్రమార్గం మూసుకుపోయింది.

1782లో కీర్తి శ్రీ మరణించాడు. 1815లో ఆంగ్లేయులు కాండీని వశపరచుకొని, చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుని వేలూరు కోటకు పంపారు. దానితో నాయక పాలన ముగిసింది. కానీ నాడు నెలకొన్న సయాం నికాయం నేటికీ శ్రీలంకలో వర్ధిల్లుతున్నది. కాండీ పెరహెర ఏటా జరుగుతున్నది. తాను పుట్టిన మతాన్ని ప్రజలపై రుద్దక, వారి ధర్మాన్ని తన బాధ్యతగా స్వీకరించడమే ఆ రాజు ఘనత. తెలుగు నాయక కుటుంబం, సింహళ ప్రజ, సయాం భిక్షువు కలిసి నిలిపిన ఆ సంప్రదాయం రాజ్యం కంటె దీర్ఘకాలం నిలిచింది.