డ్యూరర్ గీసిన చేతులు

ప్రార్థించే చేతుల బొమ్మ ఎన్ని క్రైస్తవ గృహాల్లో లేదు! అన్న చదువు కోసం గనిలో చాకిరీ చేసి వేళ్లు వంకరపోయిన తమ్ముడి చేతులే అవని మేమూ పుల్పిట్ మీద చెప్పాం. కన్నీళ్లు తెప్పించాం కూడా. అది కట్టుకథ.

ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1471లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఒక కంసాలి ఇంట పుట్టారు. ఆ తల్లి కన్న 18 మందిలో పెరిగి పెద్దయింది ముగ్గురే. కథకు ఈ దుఃఖం చాలదా? తండ్రి నేర్పిన పని మాని, 15వ ఏట చిత్రకారుని దగ్గర చేరారు. 1508లో, ఫ్రాంక్‌ఫర్ట్ వర్తకుడు జాకబ్ హెల్లర్ అడిగిన బలిపీఠ చిత్రంలోని అపొస్తలుని కోసం, ఈ చేతులను నీలి కాగితంపై కుంచెతో ముందుగా గీసుకున్నారు. వేళ్లు సన్ననివి, తిన్ననివి. ఆయన 1528లో కన్నుమూశారు. ఆ పెద్ద చిత్రం 1729లో మ్యూనిక్‌లో కాలిపోయింది. ఈ కాగితం వియన్నాలో మిగిలింది.

వచ్చే ఆదివారం మా సంఘం ముందు ఆ పాత ప్రసంగాన్ని సరిదిద్దుకుంటాం.