కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు: తెలుగున విజ్ఞానభిక్ష

హనుమకొండలోని రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము 1904వ సంవత్సరమున స్థాపింపబడినది. నన్నయభట్టారకునిచే మహాభారతమును తెనిగింపజేసిన రాజమహేంద్రవరపు ప్రభువు పేరును కాకతీయుల తొలి రాజధానియందొక గ్రంథాలయమునకు పెట్టుటలో గొప్ప యర్థము గలదు. ఆనాడు ఓరుగల్లు నిజాము రాజ్యములోనిది. రాజమహేంద్రవరము ఇంగ్లీషువారి పాలనలోనిది. సరిహద్దు నేలను విభజించినను భాషను విభజింపజాలదని ఆ పేరే చాటినది. తెలంగాణమున ఇట్టి నిలయముల కంకురార్పణ చేసినవారిలో అగ్రగణ్యులు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు. మన బిడ్డలకు ఏ భాషలో చదువు చెప్పవలెనను వాదము ఇంటింటను వినబడుచున్న యీ కాలమున ఆ మహనీయుని చరిత్రమును స్మరించుట కేవలము కృతజ్ఞత కాదు, అవసరము.

లక్ష్మణరావుగారు 1877వ సంవత్సరము మే 18వ తేదీన నాటి కృష్ణాజిల్లాలోని పెనుగంచిప్రోలున జన్మించిరి. పసితనముననే తండ్రి గతించెను. భువనగిరిలో తొలిచదువు సాగిన పిమ్మట, ఆయన తన యక్క భండారు అచ్చమాంబగారి యింట నాగపురమున పెరిగిరి. ఆమె భర్త మాధవరావుగారు మధ్యపరగణాలలో ఇంజనీరుగా నుండిరి. తెలుగుబాలునకు మరాఠీదేశమున దొరకిన యీ వాసమే ఆయన జీవితమునకు త్రోవ చూపినది. మహారాష్ట్రులు తమ భాషలోనే పత్రికలు నడుపుచు, తమ చరిత్రను తామే వ్రాసికొనుచు, క్రొత్త శాస్త్రములను సామాన్యునకు తెలియునట్లు చెప్పుకొనుచుండుట ఆయన కండ్లార చూచిరి. మరాఠీలో వ్యాసములు వ్రాయగల పాండిత్యము సంపాదించిరి. 1902 నాటికి ఎం.ఏ. పట్టమును పొందిరి. మహారాష్ట్రులు చేసికొన్న పనిని ఆంధ్రులేల చేసికొనరాదను ప్రశ్న నాటినుండి ఆయనను విడువలేదు.

ఆయన తొలి విద్యార్థి మరెవ్వరో కాదు, స్వంత అక్కగారే. అచ్చమాంబగారికి చిన్ననాటనే వివాహమయ్యెను, బడి ముఖమెఱుగరు. తమ్ముడు తాను నేర్చినదానిని ఇంటివద్ద అక్కకు చెప్పెడివాడు. అట్లు తెలుగును హిందీని నేర్చుకొని, ఆపై ఇతర భాషలలోను ప్రవేశము సంపాదించి, ఆమె భారతస్త్రీల చరిత్రములను అబలాసచ్చరిత్రరత్నమాల యను గ్రంథముగా రచించిరి. 1902లో వెలువడిన ఆమె ధనత్రయోదశి కథను తెలుగు కథానికలలో మొదటివానియందు చేర్చి విమర్శకులు గౌరవించుచున్నారు. 1905లో, ముప్పదియొకటవ యేటనే, ఆ విదుషీమణి పరమపదించిరి. మరుసటి యేడు జన్మించిన తన కుమార్తెకు లక్ష్మణరావుగారు అచ్చమాంబ యని అక్కగారి పేరే పెట్టిరి. ఆ బాలిక వైద్యవిద్య నభ్యసించి డాక్టరై, 1957లో విజయవాడనుండి లోకసభ కెన్నికయ్యెను.

బడికిపోని మనసు గ్రుడ్డిది కాదు; తనకు తెలిసిన భాషలో ఒక పుస్తకమును, చదువులో తోడుండు ఒక మనుష్యుడును లభించినచో అది తనంతట తానే వెలుగు వెదకికొనును. లక్ష్మణరావుగారు తరువాత చేసిన పనులన్నియు ఇంట ప్రత్యక్షముగా చూచిన యీ సత్యమునకు విస్తరణములే.

విద్య ముగిసిన పిదప ఆయన మునగాల సంస్థానమునకు దివానుగా వచ్చిరి. చుట్టును నిజాము రాజ్యముండగా, మునగాల పరగణా మాత్రము కృష్ణాజిల్లాకు చెందిన బ్రిటిషు భూభాగము. రాజా నాయని వేంకట రంగారావుగారు విద్యాభిమాని. ఒక జమీందారు ధనము, ఒక దివాను దీక్ష కలిసినచో ఏమి జరుగునో లోకము చూచినది. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. మూడేండ్లకు హనుమకొండ నిలయము వెలసెను. అప్పటికి నిజాము రాజ్యమున కచ్చేరీ వ్యవహారమంతయు ఉర్దూలో సాగుచుండెను. ప్రజలలో అధికసంఖ్యాకుల భాషయైన తెలుగునకు రాజద్వారమున చోటులేదు. అర్జీలు పెట్టుకొని ఫలమునకై వేచియుండుటకంటె, నలుగురు కూర్చుండి చదువుకొను గది యొకటి యేర్పరచుట మేలని ఆ పెద్దలు తలచిరి. ఆ గదులలోనే తెలంగాణపు ప్రజాజీవనము కన్ను తెఱచినదనుట అతిశయోక్తి కాదు.

గ్రంథాలయమున్నది, అందు ఉంచుటకు గ్రంథములేవి? కావ్యములు గలవు, పురాణములు గలవు, శతకములు గలవు. కాని నీరు ఆవిరి యగుట యేల, రోగము ప్రాకుట యెట్లు, ధరలు హెచ్చుటకు కారణమేమి, మన పూర్వరాజులు ఎవ్వరు అని యడుగువానికి తెలుగున ప్రత్యుత్తరము మిక్కిలి యరుదు. ఈ లోటు తీర్చుటకై 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపింపబడినది. లక్ష్మణరావుగారు దానికి ప్రాణము. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము మొదటి గ్రంథము. బానిసత్వమును తొలగించిన యొక దూరదేశపు నాయకుని కథను మొదటి కానుకగా ఎన్నుకొనుట యందే మండలి యుద్దేశము స్పష్టము. ఆ గ్రంథకర్తయే 1908లో తన పత్రికారచనకుగాను కారాగారమున కేగెను. ఆ యేడే మండలి మద్రాసునకు తరలినది.

అక్కడినుండి చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము, ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము, కట్టమంచి రామలింగారెడ్డిగారి అర్థశాస్త్రము మున్నగునవి వరుసగా బయలువెడలెను. లక్ష్మణరావుగారు స్వయముగా శివాజీ చరిత్రమును, హిందూ మహాయుగమును, మహమ్మదీయ మహాయుగమును రచించిరి. క్రొత్త శాస్త్రమునకు క్రొత్త మాటలు కావలెను; వానిని కల్పించుట, సరిచూచుట, పాఠకునకు కొఱుకుడు పడునట్లు చేయుట సంపాదకునకు బండెడు చాకిరి. పేరు గ్రంథకర్తది, చెమట లక్ష్మణరావుగారిది.

ఈ ప్రయత్నము వట్టి భాషాభిమానమని తలచువారు ఉస్మానియా విశ్వవిద్యాలయపు చరిత్రమును చూడవలెను. 1918లో నెలకొన్న ఆ విద్యాలయమున ఉన్నతవిద్య యంతయు ఉర్దూలో గఱపబడెను. అందుకై ముందుగా 1917లోనే ప్రభుత్వము ఒక యనువాదశాఖను స్థాపించి, గణితము, రసాయనము, వైద్యము మున్నగు శాస్త్రముల గ్రంథములను ఉర్దూలోనికి తెప్పించినది. దేశభాష ఆధునికశాస్త్రమును మోయజాలదను వాదము అచ్చట వీగిపోయినది. ఆ రాజ్యపు ప్రజలలో అధికులకు అది యింటిభాష కాకపోవుట వేరొక యన్యాయము. కాని గ్రంథములు ముందు, బోధన తరువాత యను క్రమము మాత్రము సరియైనది. రాజు బొక్కసముతో ఉర్దూకు జరిగిన పనిని, అంతకు పదునొకండు సంవత్సరములు ముందుగనే, కొలదిమంది మిత్రుల సాయముతో తెలుగునకు చేయబూనినవారు లక్ష్మణరావుగారు.

ఆయన సాహసమునకు పరాకాష్ఠ ఆంధ్రవిజ్ఞానసర్వస్వము. బ్రిటానికా వంటి మహాకోశము తెలుగునకు కావలెనని సంకల్పించి, 1910 తరువాతి దశకమున ఆ మహాకార్యమునకు పూనుకొని, పెక్కువిషయములను తానే వ్రాసిరి. మూడు సంపుటములు వెలువడినవి. ఆ మూడును అకారమునే దాటలేదు. శ్వాసరోగముతో బాధపడుచునే పనిచేయుచు 1923 జులైలో, నలువదియారేండ్ల వయస్సున, మద్రాసున ఆయన దేహము చాలించిరి. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ భారమును మరల నెత్తికెత్తుకొనిరి. వారి జీవితకాలమునను అది పూర్తి కాలేదు. ఏ మహారాష్ట్రులను చూచి లక్ష్మణరావుగారు కంకణము కట్టుకొనిరో, ఆ మహారాష్ట్రుల జ్ఞానకోశము కేత్కరు పండితుని సంపాదకత్వమున మనకు తరువాత మొదలై, 1927 నాటికి 23 సంపుటములతో ముగిసినది. మనము ముందు బయలుదేరి వెనుకబడితిమి. మనలో పండితులు లేకపోయిరా? కాదు. కొని చదువువారును, చేయూత నిచ్చువారును చాలినంతమంది లేకపోయిరి.

అయినను ఆయన నాటిన విత్తు వ్యర్థము కాలేదు. హైదరాబాదులోని ఆంధ్రపరిశోధకమండలి ఆయన నిర్యాణానంతరము లక్ష్మణరాయ పరిశోధకమండలి యను పేరు దాల్చి, 1935లో తెలంగాణా శాసనములను ప్రకటించినది. శిలలమీద మూగవడియున్న ఓరుగంటి ప్రభువుల మాటలు అట్లు పుస్తకరూపమున మనకు దక్కినవి.

ఇక నేటి స్థితిని చూతము. 2018లో తెలంగాణ ప్రభుత్వము పాఠశాలలన్నిటను తెలుగు నేర్పుట తప్పనిసరి యని శాసనము చేసినది. 2022-23 విద్యాసంవత్సరమునుండి ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్టి, ఒక పుట తెలుగును ఒక పుట ఇంగ్లీషును గల పాఠ్యపుస్తకముల నిచ్చినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము వీలున్నంతవరకు ఐదవ తరగతిదాక మాతృభాషలోనే బోధింపవలెనని చెప్పుచున్నది. ధనికుని బిడ్డకు దొరకు ఇంగ్లీషు తన బిడ్డకేల దొరకరాదని కూలివాడు అడుగుట న్యాయమే. లక్ష్మణరావుగారును ఇంగ్లీషు విద్య నేర్చినవారే. దానిని ద్వేషించినవారు కారు. కాని ఆ భాషలో తనకు దొరకిన వెలుగు, ఆ భాష రానివానికిని అందవలెనని తపించిరి. అర్థమెఱుగక వల్లించిన పాఠము పరీక్షతో మాసిపోవును. ఇంటిభాషలో ఒకమారు బోధపడిన విషయమును బాలుడు ఏ భాషలోనికైన మోసికొనిపోగలడు.

కావున మాధ్యమమును గూర్చిన వాదము సగము ప్రశ్న మాత్రమే. బడి విడిచిన తరువాత మన పిల్లవాడు తన యిచ్చతో చదువుకొనుటకు తెలుగున ఏమున్నదనునది తక్కిన సగము. దీనికి సమాధానము ప్రభుత్వము మాత్రమే చెప్పవలసినది కాదు. 1960 నాటి గ్రంథాలయశాసనము ననుసరించి ఇంటిపన్నుతో గూడ మనము గ్రంథాలయ సెస్సును చెల్లించుచున్నాము. ఆ సొమ్ము గ్రంథాలయములకు చేరినదా, చేరినచో ఈ సంవత్సరము ఎన్ని క్రొత్తపుస్తకములు కొనబడెనని అడుగు హక్కు పన్నుకట్టు ప్రతివానికిని గలదు. ఊర భూవసతి గలవారు పెండ్లిపందిళ్లకు వెచ్చించుదానిలో నూఱవవంతు తమ గ్రామపు పఠనమందిరమునకు తీసిపెట్టినచో, మునగాల రాజావారి మార్గమున నడచినవారగుదురు. చదువుకొన్న ప్రతివాడును చదువు రాని యొకరికి తోడుకూర్చున్నచో, అక్కకు అక్షరములు చెప్పిన ఆ తమ్ముని ఋణము కొంత తీర్చినవాడగును.

అకారముతో ఆగిన పని మనది. తక్కిన అక్షరములు మనకై వేచియున్నవి.