ఫీల్డు మార్షల్ సర్ విలియం రాబర్ట్‌సన్

బ్రిటిషు సైన్యమునందు సామాన్య భటుఁడుగాఁ జేరి, ఒక్కొక్క మెట్టే యెక్కి, ఫీల్డు మార్షలు పదవి నందినవాఁ డొక్కఁడే కలఁడు. అతఁడే విలియం రాబర్ట్‌సన్. మా పాఠశాల బాలభటులు చొక్కాలపైఁ బట్టీలు కుట్టించుకొను నుత్సాహమును జూచినప్పు డెల్ల మాకీతని చరిత్రము జ్ఞప్తికి వచ్చుచుండును.

ఇతఁడు 1860 జనవరి 29 వ తేదీని ఇంగ్లాండున లింకన్‌షైరులోని వెల్బర్న్ గ్రామమున జన్మించెను. తండ్రి దర్జీ, ఊరి తపాలాపని గూడఁ జూచుచుండెను. విలియము బాల్యమున పెద్దయిండ్లలోఁ బరిచారకుఁడై యుండి, 1877 లో, పదునెనిమిదేండ్లు నిండకుండఁగనే నిండినవని చెప్పి, 16 వ లాన్సర్ల యాశ్వికదళమునఁ జేరెను. ఆ దినములలో సిపాయి బ్రదుకన్న గౌరవస్థులకు రోఁత. ఎఱ్ఱకోటు తొడిగిన కొడుకును జూచుటకంటె వానిని బూడ్చిపెట్టుటయే మేలని తల్లి దుఃఖించి జాబు వ్రాసెను. బారకులోని మొదటిరాత్రి యల్లరికి జడిసి యితఁడును బాఱిపోవఁ దలఁచెను. కాని యతని సొంతబట్టలను వేఱొక పలాయితుఁ డంతకుముందే యెత్తుకొనిపోయెను!

1879 లో లాన్సు కార్పొరలై చేతిమీఁదఁ గోణాకారపుఁ బట్టీ నొకదానిని ధరించెను. ఆ యేడే కార్పొరలై రెండింటిని, 1882 లో సర్జంటై మూఁడింటిని బొందెను. 1885 లో ట్రూపు సర్జంటు మేజ రయ్యెను. 1888 లో 3 వ డ్రాగూను గార్డులలో సెకండు లెఫ్టినెంటు పదవి లభించెను. ఇచ్చట నొక విచిత్రము. ఆ కాలమున సెకండు లెఫ్టినెంటునకు భుజముపై నే చిహ్నమును లేదు. 1902 లోఁ గాని యొక నక్షత్రము రాలేదు. పదునొకండేండ్లు శ్రమించి సంపాదించిన పట్టీలన్నియు విప్పి, వట్టి భుజములతో ధనికుల బిడ్డల సరసన నితఁడు కూర్చుండవలసివచ్చెను. అధికారి దుస్తులను దండ్రియే స్వయముగాఁ గుట్టి యిచ్చెను. భోజనశాలలో నందఱును మద్యము త్రాగుచుండ నితఁడు మంచినీరు త్రాగెను. చుట్టలు కొనలేక పొగ మానెను. హిందూదేశమునకు వచ్చిన పిదప, తక్కినవారు మధ్యాహ్నపుటెండకు నిద్రించుచుండ, మునుషీలకడ ఉర్దూ, హిందీ, పారసీ, పుష్తో, పంజాబీ భాషలు నేర్చెను. పరీక్షలలోఁ దేఱినవారికి సర్కారు బహుమానధన మిచ్చుచుండెను. విద్యాభిలాషతోపాటు డబ్బుకఱవును నితనికి గురువయ్యెనని మా యభిప్రాయము.

1895 లో చిత్రాలు దండయాత్రలో గాయపడెను. సామాన్య భటవర్గమునుండి వచ్చి కాంబర్లీ స్టాఫు కళాశాలలోఁ జదివినవారిలో నితఁడే ప్రథముఁడు. 1910 లో దానికే యధ్యక్షుఁ డయ్యెను. మహాయుద్ధమున 1915 డిసెంబరు మొదలు 1918 ఫిబ్రవరి వఱకు సామ్రాజ్య సైన్యాలోచన ముఖ్యాధికారిగా నుండెను. బలమంతయు ఫ్రాన్సునందే యుండవలెనని పట్టుపట్టెను. 1917 లో పాషెండేలుకడఁ జచ్చినవారును గాయపడినవారును లక్షలకొలఁది. ఆ బాధ్యతలో నితనికి భాగము లేదని మేము చెప్పఁజాలము. తుదకుఁ బ్రధానమంత్రి లాయిడ్ జార్జితోఁ బొసఁగక పదవి వీడెను.

పల్లెటూరి యుచ్చారణ మాత్ర మితనిని గడపటివఱకు వీడలేదు. 1920 మార్చి 29 వ తేదీని ఫీల్డు మార్ష లయ్యెను. వట్టిగా నుండిన యా భుజములపై, లారెలాకుల దండనడుమ నడ్డముగాఁ బెనవేసిన రెండు దండములును, పైన కిరీటమును వెలసెను. 1933 ఫిబ్రవరి 12 వ తేదీని లండనులోఁ గాలధర్మము నొందెను.