బొల్లారం బిడ్డ, అడవి వేటగాడు: కెన్నెత్ ఆండర్సన్

ఖతార్ లో ఉన్న మనవాళ్ళకి లుసైల్ షూటింగ్ రేంజ్ పేరు కొత్త కాదు. 2006 ఆసియా క్రీడల షూటింగ్ పోటీలు అక్కడే జరిగాయి. ఆ ఊపులోనే కాబోలు, ఓ శుక్రవారం దోహాలో మిత్రుడితో కలిసి రైఫిల్ పేల్చడానికి బయలుదేరాను. రైఫిల్ ముందు భాగాన్ని ఇసుక సంచీ మీద ఆనించి పేల్చమన్నాడు శిక్షకుడు. నాకు నామోషీ అనిపించింది. చేతులతోనే పట్టి పేల్చాను. భుజం అదిరింది, గుండు ఎక్కడికి పోయిందో దేవుడికే తెలియాలి!

ఆ రాత్రి భుజానికి బామ్ రాసుకుంటుంటే, చిన్నప్పుడు చదివిన కెన్నెత్ ఆండర్సన్ గుర్తొచ్చాడు.

ఆయన 1910 మార్చి 8న మన సికింద్రాబాద్ పక్కనున్న బొల్లారం లో పుట్టాడు. చదువు, జీవితం బెంగుళూరులో. కొన్నేళ్ళు తంతి తపాలా శాఖలో, తర్వాత అక్కడి విమానాల కర్మాగారంలో ఉద్యోగం. అంటే మనలాగే వారమంతా ఆఫీసు, సెలవు దొరికితే అడవి! 1954లో వచ్చిన ఆయన తొలి పుస్తకంలో శేషాచలం కొండల్లోని చామల లోయ పులి కథ ఉంది. భాకరాపేట, నాగపట్ల, పులిబోను... తిరుపతి వైపు వాళ్ళకి ఇవన్నీ తెలిసిన పేర్లే. నరభక్షక చిరుతలు 8, పులులు 7 ఆయన ఖాతాలో ఉన్నాయంటారు.

ఆయన చేతిలో ఉండేది .405 వించెస్టర్, 1895 మోడల్. దాని గుండు బరువు 19 గ్రాముల పైమాటే, వేగం సెకనుకు సుమారు 670 మీటర్లు. అంత గుండుని ముందుకు తోసే తుపాకి, వెనక్కి తన్నకుండా ఎలా ఉంటుంది? నిజానికి గుండు గొట్టం దాటకముందే ఆ కదలిక మొదలవుతుంది. ప్రతిసారీ ఒకే తీరుగా కదిలితే గుండ్లన్నీ ఒకే చోట పడతాయి. అందుకే ఆనుడు కావాలి. కానీ గట్టి కొమ్మ మీదో రాయి మీదో ఇనుప గొట్టాన్ని నేరుగా పెడితే అది ఎగిరిపడుతుంది, గుండు పైకి పోతుంది. గొట్టం కాకుండా ముందున్న చెక్క భాగం ఆనాలి, దాని కింద అరచేయో మడత పెట్టిన కంబళో ఉండాలి, వెనక భాగం భుజానికి గట్టిగా హత్తుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, తన్నుతుందన్న భయంతో ట్రిగ్గర్ లాగేముందే కళ్ళు మూసి ఒళ్ళు బిగించకూడదు. నేను చేసింది సరిగ్గా అదే!

నా గుండు తప్పితే పోయింది ఒక కాగితం. అడవిలో గుండు తప్పి జంతువు కాలికో దవడకో తగిలితే? అది చావదు, జింకని పట్టలేదు, చివరికి పశువుల కాపరి మీద పడుతుంది. చాలా పులులు నరభక్షకులు కావడానికి మనుషులు చేసిన ఇలాంటి గాయాలే కారణమని ఆండర్సన్ తన పుస్తకాల్లో చెబుతూనే వచ్చాడు. ఒకరి తొందరపాటుకి ఇంకెక్కడో ఓ పల్లె మూల్యం చెల్లించేది. మంచె మీద రాత్రంతా కూర్చోవడం, రైఫిల్ కి కట్టిన టార్చి వెలుగులో ఒక్క గుండు సరిగ్గా పడేదాకా ఆగడం, ఇదీ ఆయన వేట.

చివరి రోజుల్లో తుపాకీ బదులు కెమెరా పట్టాడు. వన్యప్రాణుల రక్షణ చట్టం 1972లో వచ్చింది. ఆయన 1974 ఆగస్టు 30న బెంగుళూరులో కన్నుమూశాడు. ఆయన తిరిగిన శేషాచలం అడవుల్లో 1989లో శ్రీ వెంకటేశ్వర జాతీయ పార్కు ఏర్పడింది. పూర్ణచంద్ర తేజస్వి పుణ్యమా అని ఆయన కథలు కన్నడిగుల ఇళ్ళల్లోకి చేరాయి. బొల్లారం లో పుట్టినవాడిని మనం కూడా ఓసారి తలుచుకుంటే బాగుంటుంది కదా!

మరుసటి శుక్రవారం మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఇసుక సంచీ నేనే అడిగి తీసుకున్నాను.