గుత్త నుండి పట్టా దాకా: మొదటి సాలార్‌జంగ్ జీవితం

హైదరాబాదులో మూసీ ఒడ్డున ఉన్న ప్రదర్శనశాల వలన సాలార్‌జంగ్ పేరు మనలో విననివారుండరు. అక్కడి వస్తువులలో అధికభాగాన్ని సేకరించినవారు మూడవ సాలార్‌జంగ్ యూసుఫ్ అలీ ఖాన్. ముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహాన్ని మాత్రం 1876లో రోము నగరంలో కొన్నవారు వారి తాతగారు, మొదటి సాలార్‌జంగ్. అయితే ఆ తాతగారు వదలివెళ్ళిన అసలు ఆస్తి అద్దాల పెట్టెలలో లేదు. అది మన త్రిపురారం తహసీలు కార్యాలయంలో, మన పెద్దల ట్రంకుపెట్టెలలో, మన రైతుల నోళ్ళలో ఉన్నది. జిల్లా, తహసీలు, పట్టా, జమాబందీ, వసూలు, బాకీ అనే మాటలు ఉర్దూ చదివేవారికి ఉర్దూ మాటలు, తెలుగు చదివేవారికి తెలుగు మాటలు. ఆ మాటల వెనుక ఒక క్రమమైన భూపాలనను నిలబెట్టినవారు మొదటి సాలార్‌జంగ్. రెండు భాషలు ఒకే కప్పు క్రింద చదువుకొనే మన కళాశాల సంచికలో వారి జీవితాన్ని, ముఖ్యంగా భూమి విషయంలో వారు చేసిన దానిని, చేయకుండా విడిచిన దానిని చెప్పుకొనడం సముచితమని తలచినాము.

వారి అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1829 జనవరి 21న జన్మించినారు. వారిది దివానుల వంశం. ముత్తాత మీర్ ఆలం, తాత మునీరుల్ ముల్క్, తండ్రి సోదరుడు సిరాజుల్ ముల్క్, ముగ్గురూ హైదరాబాదు సంస్థానానికి ప్రధానమంత్రులుగా పనిచేసినవారే. అయినా బాలుని చిన్నతనం కలిమిలో గడవలేదు. పసితనంలోనే తండ్రి గతించినారు. తాతగారు విడిచివెళ్ళిన అప్పుల కారణంగా కుటుంబ జాగీరులు సర్కారు అధీనంలో ఉండినవి. పేరుకు నవాబులు, చేతిలో రొక్కం లేదు. లెక్క తప్పిన ఎస్టేటు ఒక కుటుంబాన్ని ఏ స్థితికి తెచ్చునో ఆ బాలుడు ఇంటిలోనే చూసినాడు.

సుమారు పందొమ్మిదేళ్ళ వయస్సులో వారికి లభించిన మొదటి ఉద్యోగం మన పొరుగున ఉన్న ఖమ్మం తాలూక్‌దారీ. అంతకుముందు ఆ ప్రాంతాన్ని డైటన్ అనే ఆంగ్లేయుడు చక్కదిద్ది ఉండినాడు. అక్కడ తురాబ్ అలీ ఖాన్ పనిచేసినది కొద్ది నెలలే. తరువాత కుటుంబ జాగీరులు విడుదల కాగా, వాటిని చూసుకొనే భారం వారిపై పడినది. ఒకవైపు సర్కారు తాలూకాను, మరొకవైపు సొంత జాగీరును నడిపి, రైతు ఇంటి నుండి ఖజానా వరకు రూపాయి ఏయే చేతులు మారుతున్నదో తెలుసుకొన్నారు. ముందు ముందు వారు చేసిన సంస్కరణలన్నింటికీ బీజం ఇక్కడే పడినదని మా అభిప్రాయం.

ఆనాటి శిస్తు పద్ధతి తెలియనిదే వారి పని విలువ బోధపడదు. ఒక తాలూకా శిస్తును వసూలు చేసుకొనే హక్కును సర్కారు ఒక మొత్తానికి ఒకరికి అప్పగించేది. ఇదే గుత్త, ఇజారా. చందూలాల్ మహారాజు కాలంలో ఇది పరాకాష్ఠకు చేరినది. సర్కారుకు అప్పులిచ్చిన సాహుకారులు, జీతబాకీలు రావలసిన అరబ్బు, పఠాను జమాదారులు తమ సొమ్ము క్రింద తాలూకాలనే పట్టుకొని కూర్చున్నారు. మరొకడు ఎక్కువ మొత్తానికి ఒప్పుకొంటే పాత గుత్తేదారు ఏ క్షణాననైనా పోవలసినదే. రేపు ఉంటానో లేదో తెలియనివాడు ఈనాడే పిండుకొనక మానడు. చెరువుకు గండిపడితే పూడ్పించేవాడు లేడు. ధాన్యంలో పాలు పంచుకొనే బటాయి పద్ధతి ఉన్నచోట పంచేవాడు వచ్చేదాకా పంట కల్లంలోనే ఉండవలసినదే. వానకు తడిసినా, పురుగు తిన్నా నష్టం రైతుదే.

ఇక్కడ ఒక మాట చెప్పుకొనదగినది. అరబ్బీ నుండి ఉర్దూకు వచ్చిన ఖౌల్ అనే పదానికి ఇచ్చిన మాట అని అర్థం. మన కౌలు దాని నుండి పుట్టినదే. ఆనాడు సర్కారు గుత్తేదారుకు మాట ఇచ్చేది, గుత్తేదారు సర్కారుకు మాట ఇచ్చేవాడు. దున్నేవానికి మాట ఇచ్చినవాడు మాత్రం ఎవ్వడూ లేడు.

1853 మే నెలలో సంస్థానం దుస్థితి బయటపడినది. కంటింజెంటు సైన్యపు బాకీల క్రింద బేరారు, రాయచూరు అంతర్వేది, ధారాశివ ప్రాంతాలను ఆంగ్లేయులకు అప్పగించవలసివచ్చినది. ఆ సంధి జరిగిన కొద్ది దినాలకే సిరాజుల్ ముల్క్ మరణించినారు. ఇరువది నాలుగేళ్ళ తురాబ్ అలీ ఖాన్ సాలార్‌జంగ్ బిరుదంతో దివాను పదవిని స్వీకరించినారు. ఖజానా ఖాళీ, సైన్యానికి జీతాలు లేవు, మంచి తాలూకాలన్నీ పరుల చేతులలో ఉన్నవి.

వారు మొదట పట్టుకొన్నది లెక్కలను. ఎవరికి ఎంత బాకీ ఉన్నదో తేల్చి, వాయిదాలు కట్టి, ఒక్కొక్క తాలూకాను సాహుకారుల నుండి, జమాదారుల నుండి విడిపించినారు. కత్తితో గాక కాగితంతో సాధించిన విజయమిది. గుత్తలు పోయి జీతగాండ్రయిన ఉద్యోగులు వచ్చినారు. 1864లో మాల్గుజారీ మజ్లిస్ ఏర్పడినది. 1865లో జిలాబందీ అమలయినది. 1867 నాటికి దివానీ ప్రాంతాన్ని అయిదు సుబాలుగా, పదిహేడు జిల్లాలుగా తీర్చినారు. సుబాకు సుబేదారు, జిల్లాకు అవ్వల్ తాలూక్‌దారు, తాలూకాకు తహసీలుదారు నియమితులయినారు. తాలూక్‌దారు అనే పేరు పాతదే. కాని నిన్నటి తాలూక్‌దారు శిస్తును కొనుక్కొన్నవాడు, నేటి తాలూక్‌దారు శిస్తుకు లెక్క చెప్పవలసినవాడు. పేరు మార్చకుండా పనిని మార్చడం సాలార్‌జంగ్ పద్ధతి.

రైతు విషయంలోను అటువంటి మార్పే జరిగినది. ధాన్యపు పాలు స్థానంలో నగదు శిస్తు వచ్చినది. శిస్తు చెల్లించినంతకాలం భూమి రైతు స్వాధీనంలో ఉండునని పట్టా ద్వారా సర్కారు నేరుగా మాట ఇచ్చినది. 1870వ దశకంలో బొంబాయి రాజధాని పద్ధతిలో భూముల కొలత ప్రారంభమయినది. ఆ కార్యంలో, ఉత్తరాది నుండి వచ్చి అనంతరం మొహ్సినుల్ ముల్క్‌గా పేరుపొందిన మెహదీ అలీ ముఖ్యపాత్ర వహించినారు.

దివాను దారి పూలబాట కాదు. 1857 జులైలో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ నాయకత్వాన రెసిడెన్సీపై దాడి జరిగినపుడు సాలార్‌జంగ్ ఆంగ్లేయుల పక్షాన నిలిచినారు. ఈ విషయంలో వారిని తప్పుపట్టేవారు నేటికీ ఉన్నారు. 1859లో దర్బారు వెలుపల వారిపై కాల్పులు జరుగగా ప్రాణాపాయం తప్పినది. 1860 సంధితో రాయచూరు, ధారాశివ తిరిగి వచ్చినవి, బేరారు రాలేదు. 1869లో అఫ్జలుద్దౌలా మరణించగా, మూడేళ్ళయినా నిండని మహబూబ్ అలీ ఖాన్ పక్షాన రాజప్రతినిధులలో ఒకరుగా రాజ్యభారం వహించినారు. 1876లో యూరపు పర్యటన చేసినపుడు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ పట్టం ఇచ్చినది, కాని బేరారు కోరిక నెరవేరలేదు. 1883 ఫిబ్రవరి 8న కలరా సోకి, యాభై నాలుగేళ్ళ వయస్సులో హైదరాబాదులో కన్నుమూసినారు. దాయిరా మీర్ మోమిన్‌లో వారి సమాధి ఉన్నది.

ఇంతటితో ముగించినచో ఇది స్తోత్రపాఠం మాత్రమే అగును. మన ప్రాంత చరిత్ర అంతటితో ఊరుకొననీయదు.

మొదటి విషయం, ఈ సంస్కరణలన్నీ దివానీ భూములకే పరిమితమయినవి. జాగీరులు, పాయెగాలు, సర్ఫెఖాస్ భూములు వేరుగానే ఉండిపోయినవి. రాజ్యం ముగిసేనాటికి కూడ సుమారు నూటికి నలభై పాళ్ళ భూమి ఈ విధంగా వెలుపలనే ఉన్నది. దివానుగారి సొంత ఎస్టేటే 20వ శతాబ్ది ఆరంభాన దాదాపు 1,500 చదరపు మైళ్ళలో, 300కు పైగా గ్రామాలతో విస్తరించి ఉండినది. కొప్పళ, యల్బుర్గా, అజంతా అందులోనివే. సర్కారు భూములలో దళారీని తొలగించిన మంత్రి, తాను స్వయంగా ఒక పెద్ద జాగీర్దారు.

రెండవ విషయం మన నల్లగొండ సీమకు మరింత దగ్గరిది. పూర్వం నుండి గ్రామాల శిస్తు వసూలుచేసే దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు కొత్త ఏర్పాటుతో ఆ పని కోల్పోయినారు. అందుకు బదులుగా వారికి రుసుం అనే సాలుసరి భత్యం నిర్ణయించినారు. కాని ఊరి లెక్కలు, పలుకుబడి వారి చేతిలోనే మిగిలినవి. తెలంగాణా జిల్లాలలో కొలత పూర్తయ్యేసరికి సాలార్‌జంగ్ జీవించి లేరు. ఆనాటి సర్కారీ కాగితాలు మొదట పారసీలో, 1884 తరువాత ఉర్దూలో ఉండేవి. దున్నేవానికి వచ్చినది తెలుగు మాట మాత్రమే, అక్షరం ఏదీ రాదు. దస్తరంలో తన పొలం ఎదుట ఎవరి పేరు వ్రాసినారో అతనికి తెలియదు. మంచి భూములు అనేకం పలుకుబడి గలవారి పేర పట్టా అయినవి, తరతరాలుగా దున్నినవాడు తన పొలంలోనే కౌలుదారుగా, వెట్టివాడుగా మారినాడు. సూర్యాపేట, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ తాలూకాలు 1946 నుండి 1951 వరకు సాగిన సాయుధ పోరాటానికి కేంద్రాలు కావడానికి ఇదొక ప్రధాన కారణం.

ఈ కథ మనకు మాత్రమే ప్రత్యేకం కాదు. ఐర్లండు దేశంలో భూస్వాములు దూరనగరాలలో నివసించి, దళారులకు పెద్ద కమతాలను దీర్ఘకాలపు కౌలుకిచ్చేవారు. ఆ దళారులు వాటిని ముక్కలుచేసి నిరుపేదలకు హెచ్చు కౌలుకు తిరిగి ఇచ్చేవారు. కౌలు హెచ్చించినా, వెళ్ళగొట్టినా రైతుకు దిక్కులేదు. 1879లో అక్కడ భూమి సంఘం లేచినది. 1881 చట్టం న్యాయమైన కౌలును, భూమిపై నిలకడను కొంతవరకు కల్పించినది. 1903 చట్టంతో కౌలుదార్లు పెద్దయెత్తున భూమిని కొనుక్కొనగలిగినారు. మన కౌలుదారుకు అటువంటి రక్షణ 1950 హైదరాబాదు కౌలుదారీ చట్టంతో గాని రాలేదు. అంతకు ముందటేడు, 1949 మార్చిలో మూడవ సాలార్‌జంగ్ అవివాహితుడుగా మరణించినారు, ఆగస్టులో జాగీరులు రద్దయినవి. వంశము, జాగీరు ఒకే సంవత్సరంలో చరిత్రలో కలిసినవి.

నేడు మన పొలాలకు నాగార్జునసాగరు ఎడమకాలువ నీరు వస్తున్నది, దస్తరాలు కంప్యూటరులోనికి ఎక్కినవి. అయినను పాత ప్రశ్న తీరలేదు. 2018లో మొదలయిన రైతుబంధు సాయం పట్టాదారుకు అందినది, అదే పొలాన్ని కౌలుకు దున్నినవానికి అందలేదు. కారణం పాతదే. దస్తరంలో అతని పేరు లేదు.

సాలార్‌జంగ్ జీవితం నుండి మనం గ్రహించవలసినది ఇదే. లెక్క సరిగా ఉంటే రాజ్యం నిలుచును. కాని ఆ లెక్కలో ఎవరి పేరు వ్రాయబడినదో, ఆ పేరు గలవాడు దానిని చదువగలడో లేదో అన్నదానిపై న్యాయం నిలుచును. మొదటి పనిని వారు నెరవేర్చినారు. రెండవ పని తరువాతివారికి మిగిలినది.

అందులో మన విద్యార్థులకు కూడ ఒక వంతు ఉన్నది. మన పల్లెలలో నిజాం కాలపు సేత్వారు నకళ్ళు, పాత పహాణీలు, రసీదులు ఉర్దూ లిపిలో ఇంకను ఉన్నవి. వాటిని దాచుకొన్న ముసలి రైతుకు అవి చదువరావు, చదివిపెట్టేవారు నానాటికి తగ్గిపోతున్నారు. రెండు భాషలూ నేర్చిన మన పిల్లలు సెలవులలో ఊరికి వెళ్ళినపుడు అటువంటి ఒక్క కాగితాన్నయినా ఇంటివారికి తెలుగులో చదివి వినిపించవలెనని మా కోరిక.