లెక్క చక్కబెట్టిన దివాన్ - మొదటి సాలార్‌జంగ్

హైదరాబాదుకు విహారయాత్ర పోయినవాళ్లంతా సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం చూసే ఉంటరు. ఆ మ్యూజియంలోని వస్తువుల్లో ఎక్కువ భాగం సేకరించింది మూడవ సాలార్‌జంగ్. ఈ వ్యాసం ఆయన తాత, మొదటి సాలార్‌జంగ్ గురించి. మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో సర్కారు లెక్కలకు ఒక పద్ధతి తెచ్చింది ఆయనే.

ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీఖాన్. 1829 జనవరి 21న పుట్టిండు. చిన్నప్పుడే తండ్రి చనిపోతే పెద్దలు పెంచిండ్రు. పందొమ్మిదేళ్లు నిండకముందే ఖమ్మం వైపు కొన్ని తాలూకాలకు తాలూకాదారుగా పోయి, కొద్ది నెలలు పని చేసిండు. శిస్తు ఎట్ల వసూలైతదో, పైసలు ఎక్కడ మాయమైతయో అక్కడనే కండ్లార చూసిండు.

ఆ రోజుల్లో తాలూకాదారు కొలువుకు పరీక్ష లేదు, ఓటు లేదు. ఎవరు ఎక్కువ నజరానా పెడితే కొలువు వాళ్లదే. పెట్టిన పైసలు తిరిగి రాబట్టుకునేది ఎవరి దగ్గర? రైతు దగ్గరనే. ఇంకొకడు వచ్చి ఎక్కువ ఇస్తనంటే పాతవాన్ని తీసేస్తరు. అందుకే ఉన్నన్ని రోజులు దండుకునుడే పని. నల్లగొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం మనకు తెలిసిందే. అట్లాంటి చెరువుల కింద పండిన వడ్లల్ల సర్కారు వాటాను గింజల రూపంలోనే తీసుకునేవారు. వాటా తేలేదాక రైతు కల్లంలనుంచి గింజ ఎత్తొద్దు. ఈలోగా వాన పడితే నష్టం రైతుదే.

1853 మే నెలలో నిజాం అప్పుల కింద బేరారు ప్రాంతం ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. కొద్ది రోజులకే దివాన్‌గా ఉన్న సిరాజుల్‌ముల్క్ చనిపోయిండు. ఆయన తమ్ముని కొడుకో, అన్న కొడుకో అనుకునే వరసలో ఇంట్లనే పెరిగిన తురాబ్ అలీఖాన్‌ను 24 ఏళ్లకే దివాన్‌ను చేసిండ్రు. ఖజానా ఖాళీ. సిపాయిలకు జీతాలు బాకీ. ఎన్నో తాలూకాలు అరబ్బు జమేదార్ల దగ్గర, సాహుకార్ల దగ్గర తాకట్టులో ఉన్నయి. ఆయన ఒక్కొక్క అప్పు తీర్చుకుంట తాలూకాలు విడిపించిండు. గుత్తదార్లను తీసి, జీతం మీద పనిచేసే అధికారులను పెట్టిండు. గింజల వాటా బదులు పైకం రూపంలో శిస్తు మొదలుపెట్టిండు.

1865లో జిల్లాబందీ జరిగింది. రాజ్యాన్ని 14 జిల్లాలు చేసిండ్రు. నల్లగొండ ఒక జిల్లా, నాగర్‌కర్నూలు ఒక జిల్లా. ఆ నాగర్‌కర్నూలు జిల్లానే తర్వాత మహబూబ్‌నగర్ అయింది. జిల్లాకు అవ్వల్ తాలూకాదారు, అంటే ఇప్పటి కలెక్టర్ లాంటివాడు, తాలూకాకు తహసీల్దారు. పోలీసు, కోర్టు, విద్య వేరువేరు శాఖలైనయి.

ఆయన చేసినవన్నీ మంచే అనలేము. 1857లో తుర్రెబాజ్‌ఖాన్ రెసిడెన్సీ మీద దాడి చేసినప్పుడు ఆయన ఇంగ్లీషువాళ్ల పక్షం ఉన్నడు. గుత్త పోయిన దేశ్‌ముఖులకు, దేశ్‌పాండేలకు పరిహారంగా రుసుములు ఇప్పించిండు. భూమి కాగితాల గుట్టు తెలిసిన వాళ్లలో చాలామంది మంచి భూములు తమ పేరున రాయించుకున్నరు. ఆ దొరల మీదనే 1946లో నల్లగొండ రైతులు తిరగబడ్డరు. లెక్కల పుస్తకం బాగుపడ్డా, అది ఎవరి చేతిలో ఉన్నదో చూడకపోతే పేదవానికి న్యాయం జరగదు.

ఆయన మీద రెండుసార్లు హత్యాప్రయత్నం జరిగింది. అయినా కొలువు విడువలేదు. 1876లో ఇంగ్లండుకు పోయి వచ్చిండు. బేరారు తిరిగి తేవాలన్న ఆశ మాత్రం తీరలేదు. 1883 ఫిబ్రవరి 8న కలరాతో చనిపోయిండు. అప్పటికి ఆయన వయసు 54 ఏళ్లు, అందులో దాదాపు 30 ఏళ్లు దివాన్‌గిరే.

ఇప్పుడు సర్పంచుకు మనమే ఓటు వేస్తం, మన హాస్టల్ మెస్ కమిటీని కూడా మనమే ఎన్నుకుంటం. పోటీలో నిలబడేవాడు ఏమి పంచుతడో చూసుడు కాదు, గెలిచినంక లెక్క చూపెడతడా అని అడుగుదాం. ఓటుకు పైసలు పంచెటోడు పాత నజరానా తాలూకాదారు తమ్ముడే. పంచింది మళ్ల మన పళ్లెంలనుంచే తీసుకుంటడు.